జేబులో పూనకం

పోయిన వారం శనివారం అరోరా గుడిలో ఒక పెద్దాయనకి పూనకం వచ్చిందని మీ అందరి ఫోన్లకీ ఓ వీడియో వచ్చే ఉంటుంది. ఒంటిమీద పంచె తప్ప ఏమీ లేకుండా, అరుచుకుంటూ, గంతులేసుకుంటూ, తలుపులు తోసుకుని మంచులోకి పరిగెత్తిన ఆ వీరుడు... ఇంకెవరు, మీ వెంకటరత్నమే!

నవ్వారుగా? నవ్వండి, ఫరవాలేదు. ఇప్పుడు టీ పోసుకుని కూర్చోండి, అసలు సంగతి చెబుతాను. ఆ పూనకం ఏ దేవుడిదీ కాదు. రెండు బ్యాటరీ సెల్లులది!

ముందు నేనెవరో కొత్తవాళ్ళకి తెలియాలి. కరెంటు ఆఫీసులో ముప్పై మూడేళ్ళు లైన్ ఇన్‌స్పెక్టర్‌గా చేశాను. నన్ను చూస్తే హై టెన్షన్ వైర్లే టెన్షన్ పడేవి. తుపాను రాత్రి నడుంలోతు నీళ్ళలో నిలబడి ఒంటిచేత్తో ట్రాన్స్‌ఫార్మర్ పైకెత్తిన మనిషిని నేను. (అది ట్రాన్స్‌ఫార్మర్ కాదు, మీటరు పెట్టె అంటుంది మా ఆవిడ సరోజ. ఆవిడకి సామాన్ల పేర్లు సరిగా తెలియవు.)

ఉద్యోగం అది. ప్రాణం మాత్రం నాటకం. పౌరాణిక నాటకంలో రాజు వేషం కట్టానంటే తెనాలి చుట్టుపక్కల పదూళ్ళు కదిలొచ్చేవి. పద్యం చివర నేను రాగం ఎత్తుకున్నాక జనం లేచి బయటికెళ్ళి, టీ తాగి, మళ్ళీ వచ్చి కూర్చున్నా అదే రాగం నడుస్తూ ఉండేది. అంత ఊపిరి!

ఆ ఊపిరిని నలభై ఏళ్ళపాటు సిగరెట్లు తినేశాయి. దాచుకోవడం ఎందుకు? తాగడంలోనూ నేను సామాన్యుణ్ణి కాదు. నేను వదిలిన పొగ రింగులోంచి పిచ్చుక దూరి అవతలికి వెళ్ళింది, చూసినవాళ్ళున్నారు.

సరే, ఇక్కడ అమెరికాలో మా అమ్మాయి దగ్గర ఉండగా తెలుగు సంఘం వాళ్ళు ఉగాదికి నాటకం వేస్తున్నారని తెలిసింది. హార్మోనియం పట్టుకుని నడిపించేది మా పాపారావు. పక్క ఊరు నేపర్‌విల్‌లో ఉంటాడు, నాకు ముప్పై ఏళ్ళుగా స్నేహితుడు. స్నేహం స్నేహమే, హార్మోనియం దగ్గర మాత్రం కసాయి.

"రత్నం, పద్యం చివర రాగం ఇరవై సెకన్లు. అక్కడ నువ్వు ఊపిరి తీశావంటే సీనంతా చప్పబడిపోతుంది. ఉగాదికి మూడు వారాల ముందు ఆదివారం రిహార్సల్ పెడతాను. ఆ రోజు ఇరవై పట్టకపోతే వేషం మూర్తిగారికి ఇచ్చేస్తా, తర్వాత అలగొద్దు."

మూర్తిగారు! రిటైర్డ్ బ్యాంక్ మేనేజర్. పద్యం మొత్తం ముక్కుతో పాడతాడు, నోరు ఊరికే తెరిచి ఉంచుతాడు. నా కిరీటం ఆ తలమీదా!

ఇంటికొచ్చి, మా అల్లుడు కిరణ్‌ని ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టమన్నాను. అల్లుడు సాఫ్ట్‌వేర్‌లో టెస్టింగ్ చేస్తాడు, కొలవందే నిద్రపోడు. రాగం ఎత్తాను. ఇల్లు దద్దరిల్లింది. తర్వాత దగ్గుకి కూడా దద్దరిల్లింది.

"పదకొండు సెకన్లు, మావయ్యగారూ. అందులో రెండు సెకన్లు దగ్గు."

ఆ రోజే సిగరెట్ మానేశాను! మానేశాను అంటే, మానే ప్రయత్నం మొదలుపెట్టాను. నికొటిన్ గమ్ నమిలితే కట్టుడు పళ్ళు దాంతోపాటు ఊడొచ్చాయి. ఇక లాభం లేదని కిరణ్ ఒక వేప్ యంత్రం కొనిపెట్టాడు. సిగరెట్ బదులు ఆవిరి పీలుస్తాం, అంతే. "మావయ్యగారూ, ఇది మంచిదని కాదు. మెట్టు మాత్రమే. నికొటిన్ పన్నెండు నుంచి ఆరు, ఆరు నుంచి మూడు, మూడు నుంచి సున్నా. ఆ తర్వాత ఇది చెత్తబుట్టకి" అన్నాడు. పన్నెండు దిగాను, ఆరు దిగాను, మూడుకొచ్చాను. రాగం పదహారుకి వచ్చింది. కిరీటం కళ్ళముందు కనబడుతోంది. రిహార్సల్‌కి ఇంకా పది రోజులుంది.

అప్పుడు యంత్రం చచ్చిపోయింది.

చూస్తే లోపలున్న రెండు సెల్లులకీ పైన చుట్టిన రేపర్ చిరిగి ఉంది. "చిరిగినవి వాడకూడదు, ప్రమాదం" అని కిరణ్ తీసి పక్కన పెట్టాడు. "ఏమండీ, కాసేపు ఎండలో పెడితే లేస్తాయేమో" అంది సరోజ. మా రేడియో సెల్లులకి అదే వైద్యం కదా! ఇల్లినాయ్ మార్చిలో ఎండెక్కడిది? కిటికీ బయట గ్యాస్ స్టేషన్, అంటే పెట్రోలు బంకు, బోర్డు మాత్రం ధగధగా మెరుస్తోంది. అక్కడ సిగరెట్లు అమ్ముతారు. అది నన్ను పేరుపెట్టి పిలుస్తోంది.

"మావయ్యగారూ, సాయంత్రం వేప్ షాప్‌కి వెళ్ళి మంచివి తెద్దాం."

"నాకు బ్యాటరీలు నువ్వు ఎంచిపెడతావా నాయనా? ఊళ్ళకి ఊళ్ళకే కరెంటిచ్చిన చెయ్యి ఇది!" అని ఫోన్ తీసి ఆన్‌లైన్‌లో నేనే వెతికాను. వీటిని ఎయిటీన్ సిక్స్ ఫిఫ్టీ అంటారు. రిమోట్ సెల్లుకి పెద్దన్నలా ఉంటాయి. అన్ని కంపెనీలవాళ్ళూ సెల్లు మీద కెపాసిటీ రెండువేల ఐదొందలు, మూడువేలు అని రాసుకుని సంతోషపడుతున్నారు. ఒక్కడు మాత్రం గుండె ధైర్యంతో తొమ్మిదివేల తొమ్మిదొందలు అని రాశాడు! ధర కూడా సగం. అమాయకుడు, తన సరుకు విలువ తనకే తెలియదనుకున్నాను. రెండు జతలు ఆర్డర్ చేశాను.

మూడో రోజు వచ్చాయి. యంత్రంలో పెట్టి ఒక్క దమ్ము లాగాను. యంత్రం గుడ్లు మిటకరించినట్టు రెండుసార్లు లైటు ఆడించి ఆగిపోయింది. రెండో జత పెట్టాను. అదీ అంతే. చేతిలో పట్టుకుంటే బొరుగుల్లా తేలిగ్గా ఉన్నాయి. సరోజ వంటింటి త్రాసు తెచ్చి తూచింది. పాత సెల్లు నలభై ఆరు గ్రాములు తూగింది. నా తొమ్మిదివేల తొమ్మిదొందలు ఇరవై ఎనిమిది.

"మిగతాదంతా అంకెల బరువేమో" అంది సరోజ.

నేను త్రాసు తీసుకెళ్ళి వంటింట్లో పెట్టేశాను. గొప్పవాళ్ళు ఒక్కోసారి సామాన్లు సర్దుతారు.

మర్నాడు కిరణ్‌తో వేప్ షాప్‌కి వెళ్ళాను. కౌంటర్ వెనక ఆకుపచ్చ జుట్టమ్మాయి, ముక్కుకి రింగు. నేను ఛాతీ విరిచి, నా ఇంగ్లీషులో, "గివ్ మీ ది బిగ్గెస్ట్ నంబర్ యు హావ్" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వి, యంత్రం తిప్పి చూసి నెమ్మదిగా చెప్పింది. మీకు తెలుగులో చెబుతాను: "సర్, బ్యాటరీ మీద రెండు అంకెలుంటాయి. మిల్లీయాంప్ అవర్ అంటే ట్యాంకులో ఎన్ని నీళ్ళున్నాయని. యాంప్స్ అంటే ఒకేసారి పైపులోంచి ఎన్ని రాగలవని. మీ మెషిన్ ఒక్కసారిగా గట్టిగా లాగుతుంది. అందుకని ముందు యాంప్స్ చూడాలి. ఈ సైజులో తొమ్మిదివేలు రాశాడంటే వాడు అబద్ధం రాశాడని అర్థం."

నా చెవులు వేడెక్కాయి. ఎందుకో చెప్పనా? ఐదు హార్స్‌పవర్ మోటారుకి సన్నటి తీగ తగిలించిన రైతుల్ని చెట్టుకింద నిలబెట్టి, "ఎంత లాగుతుందో చూసుకోవద్దటయ్యా!" అని ముప్పై మూడేళ్ళు నేను తిట్టిన తిట్టు అదే. ఆకుపచ్చ జుట్టమ్మాయి అదే పాఠం నాకు మర్యాదగా చెప్పింది.

"ఈ రెండూ తీసుకోండి. ఇరవై యాంప్స్, మంచి కంపెనీవి. వీటికి పెళ్ళి చేసేయండి" అంది.

"పెళ్ళా?"

"రెండూ కలిసే వాడాలి, కలిసే ఛార్జ్ చేయాలి. ఒకదాన్ని తీసి ఇంకో పాతదానితో జత కట్టొద్దు. ఇంకో ముఖ్యమైన సంగతి, జేబులో ఊరికే వేసుకోకండి. తాళాలు, చిల్లర తగిలితే షార్ట్ అవుతుంది. ఈ కేస్‌లోనే పెట్టుకోవాలి." అని రెండు సెల్లులు పట్టే చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చింది. టప్‌మని మూత పడుతుంది. గట్టి డబ్బా.

షార్ట్ సర్క్యూట్ గురించి నాకు చెప్పేదేమిటి! తల ఊపి వచ్చేశాను.

ఇంటికి రాగానే సరోజ ఆ సెల్లులు రెండిటికీ పసుపు చుక్క పెట్టింది. "కొత్త జంట కదా, వేరేవాటిలో కలిసిపోకుండా గుర్తు" అంది. అంతవరకు బాగానే ఉంది. తర్వాత డబ్బా చేతిలోకి తీసుకుని, మూత నాలుగుసార్లు టప్ టప్ అనిపించింది. ఆవిడ కళ్ళలో ఆ మెరుపు నాకు తెలుసు. మా ఇంట్లో ఐస్‌క్రీం డబ్బాలో ఐస్‌క్రీం ఉండదు, బిస్కెట్ డబ్బాలో బిస్కెట్లుండవు.

"ఏమండీ, ఇంత చక్కటి డబ్బా సెల్లులకా? దీన్లో లవంగాలు పోస్తాను. పొగ మీదికి మనసు పోయినప్పుడల్లా ఒకటి నోట్లో వేసుకుందురుగాని."

"పొయ్యవోయ్! ఒంటిచేత్తో ట్రాన్స్‌ఫార్మర్లు మోసినవాడికి సెల్లులకి డబ్బా ఎందుకు?" అన్నాను.

ఈ మాట గుర్తుపెట్టుకోండి.

శనివారం వచ్చింది. మర్నాడే రిహార్సల్. దేవుడికి ఓ దణ్ణం పెట్టుకుందామని సరోజా నేనూ బయల్దేరాం. కిరణ్ గుడి దగ్గర దింపి, కారు పార్క్ చేసి వస్తానన్నాడు. వేప్ యంత్రం కారులోనే పెట్టాను, గుడిలోకి తీసుకెళ్ళే వస్తువు కాదు కదా. సరోజ ఊరుకుంటుందా?

"అభిషేకం మధ్యలో కారు తాళాలడిగి బయటికి జారుకుంటారు మీరు. నాకు తెలీదా? ఆ సెల్లులు తీసి జేబులో వేసుకోండి. జేబు మీద నా కన్నుంటుంది."

తీసి లాల్చీ జేబులో వేసుకున్నాను. తెనాలి టైలర్ కుట్టిన లాల్చీ. జేబు మోకాలిదాకా ఉంటుంది, అందులో చేయి పెడితే మోచేయి మునుగుతుంది. లోపలికెళ్ళగానే సరోజ, ప్రదక్షిణలకి అడ్డమని, బొడ్లోంచి తాళాల గుత్తి తీసి నా జేబులో వేసింది. గుంటూరు ఇంటి బీరువా తాళాలతో సహా పదమూడు తాళాలు, ఉక్కు గుత్తి! వాటిమీద హుండీలో వేయడానికి పావు డాలరు బిళ్ళల చిల్లర గుప్పెడు పోసింది. పోయినసారి సాష్టాంగం చేసినప్పుడు చిల్లరంతా దొర్లిపోయిందని, ఈసారి జేబు మూతికి పిన్నీసు కూడా పెట్టేసింది.

లోపల సెల్లులు, తాళాలు, చిల్లర. పైన పిన్నీసు. లైన్ ఇన్‌స్పెక్టర్ కళ్ళు మూసుకుని దేవుడికి దణ్ణం పెడుతున్నాడు.

మొదట తొడ దగ్గర కాస్త వెచ్చగా అనిపించింది. ఆహా, స్వామి కటాక్షం అనుకున్నాను! ఆ కటాక్షం క్షణక్షణానికీ పెరుగుతోంది. అర నిమిషంలో ఇస్త్రీ పెట్టె పెట్టినట్టయింది. అప్పుడు తట్టింది. తాళాలు! షార్ట్!

జేబులో చేయి పెట్టబోతే పిన్నీసు. పిన్నీసు తీయబోతే అది గుడ్డలో ఇరుక్కుంది. ఒంటికాలిమీద లేచాను. తర్వాత రెండో కాలిమీద. అప్పుడే గంటలు మోగుతున్నాయి, హారతి వెలుగుతోంది, ఎవరో దాన్ని ఫోన్‌లో వీడియో తీస్తున్నారు. నా నోట్లోంచి ఓ కేక బయల్దేరింది చూశారూ... "ఆఆఆఆఆఆ!"

"పూనకం! పెద్దాయనకి పూనకం వచ్చింది!" అన్నారెవరో.

అంతే! జనం వలయంగా నిలబడి చేతులు జోడించారు. అర్చకులు పరిగెత్తుకొచ్చి కలశంలో నీళ్ళు నా నెత్తిన చల్లారు. అయ్యా! నెత్తిన కాదు స్వామీ, జేబు మీద! అందామంటే నోట్లో కేక ఇంకా అయిపోలేదు. నేను ఎటు గెంతితే వలయం అటు జరుగుతోంది. ఎదురుగా ఓ సాఫ్ట్‌వేర్ అబ్బాయి, మెడలో ఆఫీస్ బ్యాడ్జి ఇంకా ఉంది, భక్తిగా వంగి అడుగుతున్నాడు: "స్వామీ, నాది ఈబీ-టూ కేటగిరీ. పదకొండేండ్లయింది. గ్రీన్‌కార్డ్ ఎప్పుడొస్తది?" అతని వెనకాల ఇంకో నలుగురు. అమెరికా వచ్చాక మనవాళ్ళు క్యూ కట్టడం ఎంత బాగా నేర్చుకున్నారో అప్పుడు చూశాను.

ఇంతకన్నా ఘోరం వినండి. ఆ వలయంలో మొదటి వరసలో, కళ్ళు అరమూసి, నాకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెడుతున్నది ఎవరనుకున్నారు? సరోజ! నలభై రెండేళ్ళ కాపురంలో నాకు అదే మొదటి దణ్ణం! ఆ బాధలో కూడా ఒక్క క్షణం ఆగి చూసుకున్నాను.

ఇక ఆలోచించలేదు. లాల్చీని మెడమీంచి ఒక్క లాగు లాగి, ఉండచుట్టి, "జరగండి!" అని తలుపు తోసుకుని, పంచెతో మంచులోకి పరిగెత్తాను. మెట్ల పక్కన నడుమెత్తు మంచుకుప్ప. దాన్లోకి విసిరాను. బుస్సుమంది! ఆవిరి తాటిచెట్టంత లేచింది. నా జీవితంలో నేను చూసిన వేప్‌లన్నిటికీ తాతలాంటి వేప్ అది. "దగ్గరికి రాకండి!" అని చేతులు చాచి జనాన్ని ఆపాను. ఎముకలు కొరికే చలిలో, నడుం పైన నూలుపోగు లేకుండా, అలా నిలబడి ఒక మహాక్షేత్రాన్ని కాపాడాను. తొడమీద కజ్జికాయంత బొబ్బ. (పెసరగింజంత అంటుంది సరోజ. కొలతల సంగతి చెప్పాను కదా.)

కిరణ్ పరిగెత్తుకొచ్చి తన కోటు కప్పాడు. అంతా విన్నాడు. టెస్టింగ్ చేసేవాడు కదా, సూటిగా అడిగాడు.

"మావయ్యగారూ, ఆ అమ్మాయి డబ్బా ఇచ్చింది కదా?"

నేను ఆకాశం చూశాను. సరోజ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి డబ్బా తీసి, టప్‌మని తెరిచి, "లవంగం వేసుకుంటావా నాయనా?" అంది.

ఆ సాయంత్రం నిజంగా కుంగిపోయాను, అబద్ధమెందుకు? వేప్ లేదు. తొడ మంట. ఊరంతా వీడియో. పొద్దున్నే రిహార్సల్, నా లెక్క ఇంకా పదహారు. పోనీ ఒక్క సిగరెట్, ఒక్కటే, అని చెప్పులేసుకున్నాను కూడా. గుమ్మం దగ్గర ఫోన్ మోగింది. పాపారావు.

అయిపోయింది, కిరీటం మూర్తిగారికి వెళ్ళింది అనుకుని ఎత్తాను.

"రత్నం! ఆ వీడియో నాలుగుసార్లు చూశానయ్యా!"

"నవ్వుకో పాపారావూ, నవ్వుకో."

"నవ్వడమేమిటి? పక్కన హార్మోనియం పెట్టుకుని చూశాను. కేక ఎత్తిన శ్రుతిలోనే దింపావు. ఒక్క స్వరం జారలేదు. మీ అల్లుణ్ణి కొలవమను!"

కిరణ్ స్టాప్‌వాచ్ తీశాడు. వీడియో పెట్టాడు. కేక మొదలు. కేక చివర. మళ్ళీ పెట్టాడు. వాడు మూడుసార్లు కొలవందే నమ్మడు.

"మావయ్యగారూ... ఇరవై మూడు సెకన్లు. ఒక్క ఊపిరి. దగ్గు లేదు!"

చెప్పులు విప్పేశాను. ఊపిరితిత్తులు ఎప్పుడో బాగుపడ్డాయి, నాకే నమ్మకం రాలేదన్నమాట! భయం భయంగా పదహారు దగ్గర ఆపేసేది నేనే.

మర్నాడు రిహార్సల్. మూర్తిగారు కొత్త ఉత్తరీయంతో సహా వచ్చి కూర్చున్నాడు పాపం. పద్యం అందుకున్నాను. రాగం ఎత్తాను. పది... పద్నాలుగు... పదహారు దగ్గర గొంతు తడబడింది. ఎదురుగా కూర్చున్న సరోజ నల్లబడ్డ తాళాల గుత్తి పైకెత్తి గలగలలాడించింది. అంతే! నా తొడ గుర్తుచేసుకుంది. ఇరవై ఒకటి! హార్మోనియమే ముందు ఆగింది. మూర్తిగారు లేచి చప్పట్లు కొట్టాడు, మంచివాడే.

సోమవారం, మంచులో చల్లారిన ఆ సెల్లుల్ని కిరణ్ జాగ్రత్తగా వేరువేరుగా ప్యాక్ చేసి వేప్ షాప్‌కి తీసుకెళ్ళి అప్పగించాడు. నేనూ వెళ్ళాను. ఆకుపచ్చ జుట్టమ్మాయి పసుపు చుక్కలు చూసి, "పెళ్ళి చేసేశారన్నమాట. కొత్త జత ఇవ్వనా?" అంది.

"రెండు రోజులైంది పీల్చి. ఇంకా కొన్నాళ్ళు చూస్తానమ్మా" అన్నాను. అది విని ఆ అమ్మాయి కౌంటర్ దాటి వచ్చి చేయి కలిపింది. ఎప్పటికైనా అవసరమైతే అని మరో డబ్బా ఊరికే ఇచ్చింది. దాన్లో ఇప్పుడు యాలకులున్నాయి.

ఇవాళ్టికి ఎనిమిది రోజులు. గ్యాస్ స్టేషన్ బోర్డు ఇంకా పిలుస్తూనే ఉంది, గొంతు మాత్రం కాస్త తగ్గింది. ఉగాదికి అందరూ రండి, ముందు వరసలో కూర్చోండి. ఈబీ-టూ అబ్బాయి కూడా వస్తానన్నాడు, నేను దేవుణ్ణి కానని ఎంత చెప్పినా వినడం లేదు.

ఇంకొక్క ముక్క. వీడియోలో సరోజ నాకు దణ్ణం పెట్టిన చోటు కత్తిరించి ఫోన్‌లో దాచుకున్నాను. రోజుకోసారి చూసుకుంటాను. నిన్న కాఫీ ఇస్తుంటే ఉండబట్టలేక అడిగేశాను.

"సరోజా, నిజం చెప్పు. ఆ రోజు నాలో ఏ దేవుణ్ణి చూసి దణ్ణం పెట్టావు?"

"మీకెవరు పెట్టారండీ? మీరట్లా గెంతుతుంటే, జేబులో నా బీరువా తాళాలు పడిపోకుండా చూడు స్వామీ అని మీ వెనకాల ఉన్న ఆయనకి మొక్కుకున్నాను!"